రామప్ప రంగమండపం, ఐదు ఎక్స్‌పోజర్లు: నా హెచ్‌డీఆర్ సాధన పద్దు

రామప్ప గుడి రంగమండపంలో నిలబడి తూర్పు ద్వారం వైపు చూస్తే, దగ్గరలోని నల్లరాతి స్తంభాల చెక్కడాలూ, ద్వారం అవతల ఎండలో ఉన్న నందీ ఒక్క చూపులో కనిపిస్తాయి. కంటికి ఏ ఇబ్బందీ లేని ఈ దృశ్యం కెమెరాకు లొంగదు. స్తంభానికి చాలినంత వెలుతురు తీసుకుంటే నంది తెల్లని మరకగా మారుతుంది, నందిని కాపాడితే స్తంభం బొగ్గుముద్దవుతుంది. వేర్వేరు వెలుతురులతో తీసిన ఫ్రేములను (ఎక్స్‌పోజర్లను) ఒక్క ఫొటోగా కలిపే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) పద్ధతిలో ఈ ఒక్క ఫొటో కోసం మొదలుపెట్టిన సాధనకు మూడు నెలలు నిండాయి కనుక, ఇంతవరకు జరిగినదంతా రాసి పెట్టుకుంటున్నాను.

నవంబరులో మొదటిసారి ఉదయం పూటే గుడి ఉన్న పాలంపేట చేరుకోవడం నా మొదటి పొరపాటు. ఆ వేళ సూర్యుడు నంది వెనుక నుంచి నేరుగా లెన్సులోకి వస్తాడు. నంది నీడబొమ్మగా మిగిలింది, ఫొటో అంతటా పొగమంచు లాంటి తెల్లదనం పరుచుకుంది. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి, నేను తీసుకోలేదు. ఒకే దృశ్యాన్ని వరుసగా వేర్వేరు వెలుతురులతో తీసే కెమెరాలోని ఆటో బ్రాకెటింగ్‌తో, రెండేసి స్టాపుల (వెలుతురు కొలత మెట్ల) తేడాతో మూడు ఫ్రేములు చేతిలో పట్టుకునే తీశాను. ఇంటికొచ్చి కలిపి చూస్తే స్తంభాల నిండా నాయిసే, అంటే రంగురంగుల చుక్కలే కనిపించాయి.

జనవరిలో మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లాను. ఈసారి తీయడానికి ముందు కొలిచాను. అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 200 దగ్గర ఉంచి, ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో చూస్తే, షట్టర్ తెరిచి ఉంచాల్సిన సమయం ఎండలోని రాయికి సెకనులో 800వ వంతు, లోపలి స్తంభానికి అర సెకను వచ్చాయి. అంటే 400 రెట్ల తేడా; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది కనుక ఇది దాదాపు 8.6 స్టాపులు. నవంబరు నాటి మూడు ఫ్రేముల మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఉన్నది నాలుగు స్టాపులే కాబట్టి, స్తంభాలకు చాలినంత వెలుతురు ఏ ఫ్రేములోనూ అందలేదు, ఆ నాయిస్ అక్కడి నుంచే వచ్చింది. అర సెకను పాటు చేతిలో కెమెరా కదలకుండా ఉండదని ఐఎస్‌ఓను 800కు పెంచి, 1/4000, 1/1000, 1/250, 1/60, 1/15 సెకను అనే ఐదు ఫ్రేములుగా తీశాను. ఐఎస్‌ఓ నాలుగు రెట్లయింది కనుక, మీటరు లెక్క ప్రకారం స్తంభానికి అర సెకనులో నాలుగో వంతు, అంటే 1/8 ఇవ్వాలి. కానీ మీటరు ప్రతి రాయినీ బూడిద రంగుగా చూపాలని చూస్తుంది, నల్లరాయి నల్లగానే కనిపించాలి కనుక ఒక స్టాపు తగ్గించాను. అపర్చర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే సెట్టింగు) మూడింటినీ మాన్యువల్‌లో పెట్టి, నేల మీద కూర్చుని మోచేతులను మోకాళ్లకు ఆనించి, 18 ఎంఎం దగ్గర స్టెబిలైజేషన్‌తో తీస్తే 1/15 ఫ్రేము కూడా స్పష్టంగానే వచ్చింది.

అసలు తలనొప్పి కంప్యూటరు దగ్గర మొదలైంది. మొదటి వారమంతా ఐదు ఫ్రేములనూ ఎలా కలిపినా ఫలితం చప్పగా వచ్చేది. కారణం తెలిశాక నవ్వొచ్చింది: కెమెరా ముడి (రా) ఫైళ్లను మామూలు ఫొటోలుగా మార్చే నా రా కన్వర్టరులో, ఒక్కో ఫొటోకు విడివిడిగా టోన్ కర్వ్ వేసి వెలుగునీడలను సర్దే ఆటోమేటిక్ సెట్టింగు ఆన్‌లో ఉంది. నేను కష్టపడి తెచ్చిన తేడాను అది శ్రద్ధగా చెరిపేస్తోంది. దాన్ని ఆపి, ఐదింటికీ ఒకే సెట్టింగుతో 16 బిట్ టిఫ్ ఫైళ్లు తీశాను. 24 మెగాపిక్సెళ్ల ఫొటోకు అలాంటి ఫైలు ఒక్కొక్కటి సుమారు 144 ఎంబీ, ఐదూ కలిపి 720 ఎంబీ. 8 జీబీ మెమరీ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ మూసేయక తప్పలేదు.

ఫ్రేములను ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చడానికి పనోరమాలు కుట్టే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్ పనిముట్టు చాలింది. తరువాత ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, కలిపిన ఫ్రేముల వెలుగునీడల తేడాను తెర చూపగలిగినంతకు కుదించే ఫట్టల్, మాంటియుక్, రైన్‌హార్డ్ పద్ధతులు వరుసగా ప్రయత్నించాను. ఫట్టల్ ప్రతి గీతనూ పైకి లాగి, ద్వారం అంచు చుట్టూ తెల్లని వలయం తెచ్చిపెట్టింది, చూసిన మా అక్క "ఇది గుడా, సినిమా సెట్టా?" అని అడిగింది. పైగా చిన్న ప్రివ్యూలో బాగుందనుకున్నది పూర్తి సైజులో మరోలా వచ్చింది కాబట్టి, ఇప్పుడు ఏ నిర్ణయమైనా పూర్తి సైజులో చూశాకే తీసుకుంటున్నాను. రైన్‌హార్డ్‌లో వలయాలు తక్కువే కానీ చెక్కడాల లోతు పోయింది.

చివరికి ఎన్‌ఫ్యూజ్ దగ్గర ఆగాను. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ 2007లో ప్రతిపాదించిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ పద్ధతి ఆధారంగా పనిచేసే ఈ సాఫ్ట్‌వేర్, మధ్యలో హెచ్‌డీఆర్ ఫైలు తయారు చేయకుండానే ఒక్కో ఫ్రేము నుంచి సరైన వెలుతురు ఉన్న భాగాలకు ఎక్కువ విలువ ఇచ్చి కలుపుతుంది. నా కంటికి గుడిలో కనిపించినదానికి ఇదే దగ్గరగా ఉంది. ద్వారం దాటుతున్న పిల్లవాడొకడు మూడు చోట్ల సగం సగం కాళ్లతో మిగిలిపోతే, ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో 1/250 ఫ్రేమును పై లేయరుగా పెట్టి, మాస్క్ మీద బ్రష్‌తో ఆ చోటు వరకే తెరిచి సరిచేశాను.

ఒక్క లోపం ఇంకా మిగిలే ఉంది. నునుపుగా సానబట్టిన స్తంభాల మీద ఆకాశపు నీలం మెరుస్తోంది, పక్కనున్న ఎర్రని ఇసుకరాయి మరింత ఎర్రబడింది. ఒకే వైట్ బ్యాలెన్స్ రెండింటికీ నప్పడం లేదు. రా కన్వర్టరు నుంచి ఐదు ఫ్రేములనూ రెండు వైట్ బ్యాలెన్సులతో రెండుసార్లు తీసి, వేర్వేరుగా ఎన్‌ఫ్యూజ్ చేసి, గింప్‌లో మాస్క్‌తో కలపాలని ఈ ఆదివారానికి పెట్టుకున్నాను.