ఆయిలర్ చేత్తో తేల్చిన 2147483647

రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసే మాలాంటి వాళ్లకి 2147483647 అంటే టెన్షన్. డేటాబేస్‌లో ఐడీ కాలమ్ ఆ సంఖ్యకి చేరిందంటే తర్వాతి రికార్డు ఎక్కదు, అర్ధరాత్రి ఫోన్లు మొదలవుతాయి. 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతే మిగతా 31లో పట్టే అతిపెద్ద సంఖ్య అది, అంటే 2^31లోంచి 1 తీసేస్తే వచ్చేది. అది ప్రధాన సంఖ్య కూడా. నన్నడిగితే దాని గురించి చెప్పుకోవాల్సిన అసలు సంగతి అదే.

నిరూపించింది గణిత శాస్త్రవేత్త ఆయిలర్, 1772లో. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే వర్గమూలం వరకు, అంటే 46340 లోపున్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. అవి 4800 దాకా ఉంటాయి. ఆయన అన్నీ చూడలేదు, చూడక్కర్లేదని ముందే తేల్చేశాడు!

ఎలాగంటే, దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఒకటుంది, దాని పేరు ‘క’ అనుకోండి. 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ, ప్రతిదాన్నీ ‘క’తో భాగించి శేషం రాసుకుంటూ పోతే 31వ అడుగులో 1 రావాలి, 31 కూడా ప్రధాన సంఖ్యే కాబట్టి అంతకు ముందు రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం (క−1)వ అడుగులోనూ 1 వచ్చి తీరాలి. 1 మళ్లీ మళ్లీ వచ్చేది 31 అడుగులకోసారే, అందుకని క−1ని 31 భాగించాలి, ‘క’ బేసి సంఖ్య కాబట్టి 62 కూడా భాగించాలి. ఇంకోటి, నాకు బాగా నచ్చేది: 31వ అడుగులో 1 వస్తే 32వ అడుగులో 2 వస్తుంది, 2^32 ఏమో 2^16కి వర్గం. ఒక వర్గాన్ని భాగిస్తే శేషం 2 వచ్చిందంటే, ‘క’ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే, ‘క’ని 248తో భాగిస్తే మిగిలేది 1 లేదా 63, అంతే.

అలాంటివి 46340 లోపు, 1ని వదిలేస్తే, 373. వాటిలోనూ 249 లాంటివి (3×83) ప్రధానాలు కావు, అవి తీసేస్తే వంద కూడా ఉండవు.

ఎంవీపీ కాలనీలో ఉండే మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ల కోచింగ్ మెటీరియల్‌లో ప్రధాన సంఖ్యలంటే ఒక నిర్వచనం, రెండు బిట్ ప్రశ్నలు. అందుకే కూర్చోబెట్టి మొదటి రెండు భాగహారాలు కాగితం మీద చేయించాను. 311తో భాగిస్తే 6905092 సార్లు పోయి 35 మిగిలింది. తర్వాతది 1303, శేషం 226. మధ్యలో ఆగి, "మావయ్యా, 187 కూడా 62 మూడు సార్లకి ఒకటి ఎక్కువే కదా, అదెందుకు వద్దు?" అంది. 8తో భాగించి చూడమన్నాను. 3 మిగిలింది, తనే కొట్టేసింది. మంచి మార్కులు వచ్చిన రోజు కంటే ఎక్కువ సంతోషం వేసింది నాకు.

ఇదే సంఖ్యని 2^30తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. దాన్ని భాగించే సంఖ్యలన్నీ, దాన్ని తప్ప, కూడితే మళ్లీ అదే వస్తుంది. పరిపూర్ణ సంఖ్య అన్నమాట.

2024 అక్టోబరులో బయటపడ్డ 2^136279841−1 కూడా ఈ కుటుంబమే, 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలు. అలాంటివి వెతికే జింప్స్ అనే వలంటీర్ల ప్రాజెక్టు వాళ్ల ప్రోగ్రాములు ముందుగా చిన్న చిన్న కారణాంకాలేమైనా ఉన్నాయేమో చూసేది ఆయిలర్ వాడిన ఆ రెండు షరతులతోనే. అందులో దొరక్కుండా మిగిలిన వాటికే రోజుల తరబడి నడిచే పెద్ద పరీక్ష పెడతారు.