నాలుగు కుండీల టమాటా: నా అనుభవం

మొదటిసారి టమాటా పెంచినప్పుడు నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఒక్కటే: మొక్కలో ఏ లోపం కనిపించినా దాన్ని ఆకలిగానే భావించి ఎరువు వేశాను. 20 లీటర్ల మట్టి పట్టే నాలుగు కుండీలలో ఒక్కొక్క నారు మొక్క చొప్పున నాటాను. నాటడం వరకు సరిగానే జరిగింది. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా కొత్త వేర్లు వేస్తుంది కనుక, కింది ఆకులను తుంచి, పై ఆకుల గుత్తి మాత్రమే బయట ఉండేటట్లు మొక్కను లోతుగా దించాను. తర్వాత పాతితే వేర్లు తెగుతాయని ఊతకర్రలను కూడా ఆ రోజే పాతాను. మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు ధారాళంగా కలిపాను.

తొలి వారాలకు ఆ ఎరువే సరిపోయేది. నేను ఊరుకోలేక, పది రోజులకే నత్రజని ఎరువైన యూరియా కలిపిన నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. మొక్కలు నడుము ఎత్తు పెరిగి, ఆకులు ముదురు ఆకుపచ్చగా దట్టంగా కమ్ముకున్నాయి. చూసినవారంతా మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకోలుకు పొంగిపోయి మరో రెండు సార్లు పోశాను కూడా. అయితే పూత జాడ లేదు. నత్రజని ఎక్కువైన టమాటా తన బలమంతా ఆకుకూ కొమ్మకూ పెట్టి, పూతను వెనక్కి నెడుతుందని అప్పుడే తెలుసుకున్నాను. ఎరువు సంచి మీద ఉండే మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్‌ల శాతాలని గ్రహించి, మొదటి అంకె చిన్నదిగా, మూడో అంకె పెద్దదిగా ఉన్న ఎరువుకు మారాను.

పూత వచ్చింది కానీ తొలి విడత చాలావరకు రాలిపోయింది. ఆ రోజుల్లో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటుతూ ఉండేది. అంత వేడిలో పుప్పొడి చెడిపోతుంది కనుక, ఆ సమయంలో ఏ ఎరువు వేసినా పిందె నిలవదు. ఎండ కాస్త తగ్గాక, ఉదయం పూట పూగుత్తులను వేలితో మెల్లగా తట్టసాగాను. టమాటా పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది, దానికి కావలసినదల్లా ఆ చిన్న కదలికే.

అసలు పరీక్ష పిందెలు నిమ్మకాయంత అయ్యాక ఎదురైంది. కాయల అడుగున నీరు పట్టినట్టు కనిపించిన మచ్చ నాలుగైదు రోజుల్లో నల్లబడి, తోలులా గట్టిపడింది. దీన్ని బ్లాసమ్ ఎండ్ రాట్ అంటారని, కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వస్తుందని చదివి, గుడ్డు పెంకుల పొడి చల్లాను, అది చాలదన్నట్టు ఎప్సమ్ సాల్ట్ కూడా కలిపాను. పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఎప్సమ్ సాల్ట్‌లోని మెగ్నీషియమేమో వేర్ల దగ్గర కాల్షియంతో పోటీపడుతుంది. అంటే మందు అనుకొని వేసినవాటిలో ఒకటి పనికిరాలేదు, రెండోది కీడు చేసేదే.

కారణం నా నీళ్ళ పద్ధతిలోనే ఉంది. నేను రెండు రోజులు మరచిపోయి, మూడో రోజు కుండీ నిండా పోసేవాణ్ణి. కాల్షియం వేర్ల నుంచి నీటితో పాటే పైకి వెళుతుంది. తేమను ఎక్కువగా వదిలే ఆకులు ఆ నీటిలో అధిక భాగాన్ని లాక్కుంటాయి. ఒకసారి ఆకులో చేరిన కాల్షియం తిరిగి కాయకు రాదు. మట్టిలో కాల్షియం ఉన్నప్పటికీ, నీరు అందని రోజుల్లో పెరిగిన కాయ దానికి నోచుకోదు. నత్రజని అతిగా వేసి పెంచిన నా దట్టమైన ఆకులు ఈ లోటును మరింత పెంచాయి. మచ్చపడిన కాయలు కోలుకోవు కనుక వాటిని కోసేసి, ప్రతి ఉదయం మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా ఉంటే కుండీ అడుగు నుంచి నీరు కారేవరకు పోయడం అలవాటు చేసుకున్నాను. మట్టిపై రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచాను. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో సాయంత్రం మరోసారి తడపవలసి వచ్చేది. ఆ తర్వాత కట్టిన పిందెలలో మచ్చ కనిపించలేదు.

మధ్యలో కింది ఆకులపై గోధుమరంగు వలయాలు కనిపించినప్పుడు కూడా చేయి ఎరువు డబ్బా వైపే వెళ్ళింది. అది శిలీంధ్రపు తెగులు. ఆ ఆకులను తుంచి పారవేసి, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే నీరు పోశాను.

ఇప్పుడు కాయ పట్టినప్పటి నుంచి రెండు వారాలకొకసారి, సంచి మీద రాసిన మోతాదులో సగం ఎరువును, ముందుగా తడిపిన మట్టికి మాత్రమే ఇస్తున్నాను. పెద్ద వాన తర్వాత కాయలు పగలడం మాత్రం ఇంకా పూర్తిగా ఆగలేదు. అందుకే వాన సూచన ఉన్న రోజున, రంగు తిరగడం మొదలైన కాయలను ముందే కోసి ఇంట్లో పండనిస్తున్నాను.