మొహం బాగుపడటానికి నేను కొన్నవి తక్కువ, మానేసినవి ఎక్కువ

నా మొహం గోడు మొదలైంది మీరంతా అడిగే గరుకు చర్మంతో కాదు, తామరతో, అంటే ఫంగస్ వల్ల చర్మానికొచ్చే జబ్బుతో. మాది హిందూపురం, బెంగళూరులో వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసు పని, పొద్దున్నుంచి రాత్రిదాకా బండి మీదే. ఇప్పుడు మా రూములో ఎవడి మొహం మీద ఏం లేచినా ముందు నన్నే అడుగుతున్నారు, ఎందుకంటే నా మొహం ఎంత పాడైందో, తర్వాత ఎంతవరకు బాగుపడిందో వాళ్లు దగ్గరుండి చూశారు కాబట్టి. ఒక్కొక్కడికీ చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నా.

దవడ కింద, హెల్మెట్ పట్టీ రాసుకునే చోట గుండ్రంగా ఎర్రటి మచ్చ వచ్చింది, అంచు కాస్త లేచి, చెమట పడితే చాలు ఒకటే దురద. మెడికల్ షాపులో గడ్డం పైకెత్తి చూపిస్తే కౌంటర్లో అతను సరిగ్గా చూడను కూడా చూడలేదు, వెనక్కి తిరిగి ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. చీటీ అడగలేదు, ఎన్నాళ్లు రాయాలో చెప్పలేదు. రెండ్రోజుల్లో దురద మాయం, ఎరుపు మాయం, పైగా రాసిన చోట చర్మం నున్నగా, ఒక రంగు తెల్లగా అయింది. నుదుటి మీద ఎప్పటినుంచో చిన్న చిన్న పొక్కులుండేవి, అక్కడా రాశా, అవీ పోయాయి. ఇంక చెప్పేదేముంది, మొహమంతా రాయడం మొదలైంది. ఊరికి పోతే మా అమ్మ చూసి "బెంగుళూరు నీళ్లు బాగా పడినట్లుండాయి నాయనా, రంగు తేలినావు" అని మురిసిపోయింది.

పనెక్కువై ఒకసారి ట్యూబు కొనడం కుదరలేదు. ఆ వారమే అసలు సంగతి బయటపడింది. బుగ్గలు ఎర్రగా కమిలిపోయి, నీళ్లు తగిలినా మంటే. నుదురు, బుగ్గలు, గడ్డం అంతా ఒకే సైజు పొక్కులు, గోధుమ రవ్వ చల్లి అంటించినట్టు. మామూలు మొటిమలైతే ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా, ఒకటి ఇవాళ ఒకటి రేపు వస్తాయి కదా, ఇవి అలా కాదు, అన్నీ ఒకేసారి, ఒకేలా. మళ్లీ ట్యూబు కొని రాస్తే తగ్గేవి, మానితే రెట్టింపు. తామర మచ్చ మెడ దాకా పాకింది, అయితే ఇప్పుడు దానికి గుండ్రం లేదు, అంచు లేదు, ఏదో మరక అనిపించేది అంతే.

మారతహళ్లి వైపు ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లా. మొహాన్ని మెషీన్లో పెట్టి ఫొటో తీసి పెద్ద టీవీ మీద చూపించారు, ఆ సైజులో చూస్తే ఎవడి మొహమైనా చంద్రమండలమే. గరుకు పోగొట్టే టెక్స్చర్ కరెక్షన్ ప్యాకేజీ అట, ఆసిడ్ లాంటిది పూసి పై పొర రాల్చే కెమికల్ పీల్ సిట్టింగులు, చివర్లో లేజరు. రేటు చెప్పి, నా మొహంలో మార్పు చూసి, వెంటనే "ఈఎంఐ కూడా ఉంది సార్" అంది అక్కడి అమ్మాయి. మొహానికి ఏం రాస్తున్నావని మాత్రం అక్కడ ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్తానని లేచొచ్చేశా.

ఒక కస్టమర్ ఇంట్లో ఫిల్టర్ మారుస్తుంటే ఆ పెద్దాయనే చూసి, శివాజీనగర్‌లో బౌరింగ్ ఆసుపత్రికి పో, గవర్నమెంటుది, చర్మం ఓపీ ఉంటుంది అన్నాడు. క్యూ పెద్దదే, సగం రోజు పోతుంది, అందులో దాచడానికేం లేదు. చూసిన డాక్టరు చిన్న వయసు, బళ్లారి ఆవిడ, తెలుగు బాగా వచ్చు.

"మొహానికి ఏం రాస్తున్నారు?"

"ఏం లేదు మేడం, మామూలు క్రీమే."

"ఆ మామూలు క్రీమే ఒకసారి చూపించండి."

షాపులో చూపించడానికి ట్యూబు ఫొటో ఫోన్లో పెట్టుకున్నా, అదే ఇచ్చా. ఆవిడ రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి చీమంత అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివింది: క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. మొదటిది స్టిరాయిడ్, అదీ పూత మందుల్లో అన్నిటికన్నా బలమైన రకం. మిగతావి బాక్టీరియాకి, ఫంగస్‌కి. ట్యూబు కిందనే "రిజిస్టర్డ్ డాక్టరు చీటీ మీదే అమ్మాలి" అని ఇంగ్లీషులో ఉంది, అదీ చదివి వినిపించింది. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టిరాయిడ్ పూతల్ని చాలావాటిని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మ డాక్టర్ల సంఘం ఐఏడీవీఎల్ కూడా ఏళ్ల తరబడి దీని మీద మొత్తుకుంటూనే ఉంది.

తర్వాత మెడ దగ్గర బ్లేడు అంచుతో నెమ్మదిగా గీకింది. గాజు పలక మీద తెల్లటి పొట్టు రాలింది. దాని మీద చుక్క ద్రావణం వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది, ఫంగస్ దారాలు కనపడ్డాయట. తామర పోలేదు, వేషం మార్చుకుంది, అంతే. స్టిరాయిడ్ ఏం చేస్తుందంటే, ఒంట్లో ఫంగస్ మీద పోరాడే వాపుని, ఎరుపుని అణిచేస్తుంది, దాంతో మనకి తగ్గినట్టు కనిపిస్తుంది, అడ్డు లేక ఫంగస్ హాయిగా పెరుగుతుంది. రంగు తేలడం కూడా అదే కథ, రక్తనాళాలు ముడుచుకుపోయి చర్మం పాలిపోతుంది. ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడుతుంది, ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు తేలతాయి (నాకు తేలాయి, ఇంకా ఉన్నాయి), పొక్కులొస్తాయి, మానగానే అణిగి ఉన్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొస్తుంది. మా రూములో అందరికీ ఇప్పుడు ఒక చిట్కా నేర్పా: ట్యూబు వెనక పేరు చివర "సోన్", "లోన్", "నైడ్" అని గానీ, "బెటసాల్" అని గానీ ఉంటే డాక్టరు చెప్పకుండా మొహానికి ముట్టుకోవద్దు. బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, ఇవన్నీ ఆ కుటుంబమే. ఫెయిర్‌నెస్ అని చేతులు మారే మూడు మందుల కలయిక క్రీములున్నాయే, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్, అవి మంగు మచ్చలకి డాక్టరు కొన్ని వారాలకని రాసేవి, పెళ్లిచూపులకి రాసుకునేవి కాదు.

నాకు ఫంగస్‌కి మాత్రలు, పొక్కులకి వేరే మాత్రలు రాసి, స్టిరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకుండా బలం తక్కువదానికి మార్చి, మెల్లగా మాన్పించింది. ఆ మాత్రల పేర్లు కావాలనే రాయడం లేదు, చూసి మీరూ షాపుకెళ్లి అడుగుతారు. ఆ వారాలు మాత్రం నరకం. రాత్రి దిండు తగిలితే మంట, హెల్మెట్ పెట్టుకుంటే మంట, కస్టమర్ల ఇళ్లలో బెల్లు కొడితే తలుపు తీసినవాళ్లు మొహం చూసి అడుగు వెనక్కి వేయడం. ఒకావిడ చికెన్ పాక్సా అని అడిగేసింది కూడా. అమ్మ ఫోన్లో పచ్చి పసుపు, సున్నిపిండి, నిమ్మకాయ అని రోజుకొకటి చెప్పేది. పలచబడ్డ చర్మం మీద సున్నిపిండి రుద్దితే ఏమవుతుందో ఆమెకెలా తెలుస్తుంది పాపం. నిమ్మరసం మాత్రం ఎవరూ రాయకండి, దాన్ని రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లగా మచ్చలు పడతాయి, ఇది నిజంగా ఉన్న జబ్బే.

మంట తగ్గాక మిగిలింది మీరంతా అడిగే సమస్య: రంగు ఒకచోట ఒకలా, చేత్తో తడిమితే గరుకు. బైకు అద్దంలో, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర పక్కనుంచి ఎండ పడ్డప్పుడు ఎంత ఘోరంగా కనపడేదో. డాక్టరమ్మ దాన్ని మూడు ముక్కలుగా విడదీసి చెప్పింది. చదునుగా ఉన్న నల్ల మచ్చలు పొక్కు మానిన చోట మిగిలిన రంగు, మన ఛాయ చర్మంలో నెలల తరబడి ఉంటాయి, ఎండ తగలనివ్వకపోతే వాటంతటవే చాలావరకు పోతాయి. చేతికి తగిలే సన్న పొక్కులు రంధ్రాలు మూసుకుపోయినవి, వాటికి క్రీములు పనిచేస్తాయి. లోపలికి గుంటలు పడ్డవి మాత్రం ఏ క్రీముకీ లొంగవు, వంద రూపాయలదైనా, మూడు వేలదైనా. ఈ ముక్క ఎంత డబ్బు మిగిల్చిందో చెప్పలేను.

మొదటి నెలల్లో ఆవిడ ఒప్పుకున్నవి మూడే. మొహం కడగడానికి నురగ పెద్దగా రాని, వాసన లేని క్లెన్సరు, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను. సీరం అన్న మాటెత్తితే "కాలిన చోట ఏం సీరం?" అంది. సబ్బు అప్పటిదాకా ఒంటికీ మొహానికీ ఒకటే. మా బిల్డింగుకి కావేరి నీళ్లు రావు, బోరు, ట్యాంకరు, బకెట్ అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. అలాంటి నీళ్లలో మామూలు సబ్బు సరిగ్గా కరగక జిడ్డు పొరగా చర్మం మీద ఉండిపోతుంది, పైగా సబ్బుకి క్షారగుణం, చర్మానిది కొంచెం ఆమ్లగుణం. కంపెనీలో నేనే రోజూ జనానికి నీళ్ల గట్టిదనం గురించి ఉపన్యాసం ఇస్తా మరి! మాయిశ్చరైజరుకి బ్రాండ్ అక్కర్లేదు, గ్లిజరిన్, పెట్రోలియం జెల్లీ రకం చాలు, తడి మొహం మీద రాయాలి. తలకి కొబ్బరినూనె పెట్టి హెల్మెట్ వేయడం మానేశా, చెమటతో కలిసి నుదుటి మీదికే దిగుతుంది అది.

సన్‌స్క్రీన్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. బెంగళూరులో చల్లగా ఉంటుంది కాబట్టి ఎండే లేదనుకుంటాం, కానీ ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఎండలో కంటికి కనపడని యూవీ కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి, గాలి చల్లగా ఉన్నంత మాత్రాన అవి తగ్గవు. ఎస్పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 చాలు, అది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98, తేడా అంతే. ఎస్పీఎఫ్ అంకె కన్నా ఎంత రాశామన్నది ముఖ్యం, మొహానికీ మెడకీ రెండు వేళ్ల పొడవునా. మచ్చలున్నవాళ్లకి ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ రకం, అంటే చర్మం రంగులో ఉండేది, ఇంకా మంచిది, కంటికి కనపడే వెలుతురు కూడా మన చర్మంలో రంగు పెంచుతుంది, దాన్ని అది అడ్డుకుంటుంది. తెల్లవి రాస్తే మీసం మీద సున్నం కొట్టినట్టుండి రూములో రెండు వారాలు నవ్వారు, అందుకైనా టింటెడ్ మేలు.

చర్మం నిలదొక్కుకున్నాకే, మూసుకుపోయిన రంధ్రాలకి అడాపలీన్ 0.1 శాతం జెల్ రాసింది, డాక్టరు చీటీతోనే కొనే మందు అది. బఠాణీ గింజంత తీసుకుని మొహమంతటికీ, పొక్కు మీద చుక్కగా కాదు, రాత్రి పూట, మొదట్లో వారానికి రెండు రాత్రులే. ముందు మాయిశ్చరైజరు, దాని మీద జెల్, పైన మళ్లీ మాయిశ్చరైజరు. ముక్కు అంచులకీ పెదవుల మూలలకీ ముందే పెట్రోలియం జెల్లీ. మొదటి వారాల్లో పొట్టు రాలింది, కొత్త పొక్కులు కూడా లేచాయి, మళ్లీ పాత కథేనేమో అని టెన్షన్ పడి ఓపీకి పరిగెత్తా. మందు పని మొదలుపెడితే ఇలా కొన్నాళ్లు ఉంటుందట, ఫలితం కనపడాలంటే మూడు నెలలు ఆగాలట. ఆ తర్వాత మచ్చలకి పొద్దున అజెలాయిక్ ఆసిడ్ 10 శాతం. అది రాస్తే కొంచెం చిమచిమ, దురద, నాకు కొద్దిరోజుల్లో అలవాటైంది. ఏ కొత్తదైనా ముందు చెవి కింద కొంచెం రాసి చూడటం, ఒకటి కుదిరాకే ఇంకోటి మొదలుపెట్టడం. నెలకోసారి అదే కిటికీ దగ్గర అదే టైముకి ఫొటో తీసుకునేవాణ్ణి, రోజూ అద్దం చూస్తే ఏ మార్పూ తెలీదు.

మా రూమ్మేటు మదనపల్లె వాడు నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం), విటమిన్ సి, స్నెయిల్ (నత్త జిగురు) అని ఏవేవో సీరంలు తెప్పించి వరసగా ఏడు సీసాలు పెట్టాడు, "బావా, నీకెందుకు పనిచేసింది నాకెందుకు పనిచేయలేదు" అంటాడు. నియాసినమైడ్ మంచిదే, ఒకటి చాలు, మిగతా ఆరు ఎందుకో వాడికే తెలియాలి. నాకు అన్నీ కలిపి నెలకి ఐదారు వందలు, అందులో ఎక్కువ సన్‌స్క్రీన్‌దే. షేవింగు మానేసి ట్రిమ్మరు వాడుతున్నా, గడ్డం కింద వెంట్రుక లోపలికి తిరిగి వచ్చే పొక్కులు దాంతోనే సగం తగ్గాయి. సెలూన్‌కి వెళ్తే పటిక రుద్దొద్దని, మసాజ్ వద్దని ముందే చెప్తా, ఆయన మొహం మాడ్చుకుంటాడు.

ఇప్పుడు తడిమితే గరుకు దాదాపు లేదు. రంగు ఒకేలా అవుతోంది, గడ్డం దగ్గర ఇంకా కాస్త నలుపు. నేను మునుపు ఉన్న చామనఛాయకే వచ్చా, అమ్మకి అదొక్కటే వెలితి. కుడి బుగ్గ మీద గుంటలు మూడు నాలుగు ఉన్నాయి, వాటికి సన్నటి సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్ లాంటివి ఉన్నాయట, చర్మం ఇంకొన్నాళ్లు నిలకడగా ఉంటే అప్పుడు చూద్దాం అంది డాక్టరమ్మ. చేతిలో ఉన్న డబ్బుతో ముందు బండికి వెనక టైరు మార్చాలి.