తల ఉండాల్సిన చోట తామర

పొద్దున్నే క్లాక్ టవర్ దాకా పోయి మూడు తామర మొగ్గలు, రెండు మూరల బంతిపూలు తెచ్చుకున్న. బతుకమ్మకు ఇంకా పది రోజులుంది. "ఇప్పుడే ఏం పండుగ మేడమ్?" అని అడిగింది పూలామె. పండుగ కాదు, అలంపూర్‌ల చూసిన అమ్మకు అని చెప్పిన. ఆమెకు సమజైందో లేదో గానీ ఇంకో మొగ్గ ఊరికే ఇచ్చింది.

పోయిన వారం జోగులాంబ దర్శనానికి పోయినప్పుడు పక్కనే ఉన్న మ్యూజియంలకు కూడా పోయినం. పిల్లలు ఉడుకుకు తాళలేక బయటికి పోదామని ఒకటే గొడవ. నేను మాత్రం లజ్జాగౌరి ముందల నుంచి కదలలేకపోయిన. బాదామి చాళుక్యుల నాటి శిల్పం. మోకాళ్లు రెండు పక్కలకు ఎత్తి, కాన్పు వేళ ఉన్నట్టు ఉంటది. తల లేదు. మెడ మీద నేరుగా విచ్చుకున్న తామర. పేరుల లజ్జ ఉంది గానీ ఆ ఒంట్లో సిగ్గు నాకెక్కడా కనపడలే. బిడ్డలు కావాలని మొక్కుకునే తల్లి, ఆమెకు సిగ్గెందుకు?

బోస్టన్‌ల ఉండే మా అక్క బిడ్డ ఎండాకాలం మొదట్ల కొన్ని ఫొటోలు పంపింది. అక్కడి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో 1976 నుంచి ఏటా 'ఆర్ట్ ఇన్ బ్లూమ్' అని చేస్తరట. ఒక బొమ్మనో శిల్పాన్నో తీసుకొని, దాన్ని చూస్తే మనసులో ఏం కదిలిందో పూలతో చెప్పి పక్కన పెడతరు. చేసేటోళ్లల్ల గార్డెన్ క్లబ్బులోళ్లే ఎక్కువ. కొద్ది రోజులే, పూలు ఉన్నంత సేపే. అలంపూర్ నుంచి వచ్చిన కాడి నుంచి నాకు ఆ ఫొటోలే యాదికొస్తున్నయి.

మొదలు తాంబాళంల బంతి రెక్కలు పరిచి అమ్మ ఆకారం దించబోయిన. గంట పట్టింది. చూస్తే అది సంక్రాంతి ముగ్గు లెక్కుంది, శిల్పంల ఉన్న బరువు లేదు. మొత్తం ఊడ్చేసిన. కాళ్లూ చేతులూ గీయాలని చూసుడే తప్పని అప్పుడు తోచింది. ఆ శిల్పంల నన్ను పట్టుకున్నది కింద నిండుదనం, పైన విచ్చుకోవడం. ఆ రెండే.

ఎర్రమట్టి ముంత తీసుకొని తడి ఇసుక నింపిన. రెండు పక్కల రెండు తంగేడు కొమ్మలు గుచ్చితే వాటంతటవే పైకి వంగి మోకాళ్ల తీరుగ నిలబడ్డయి. నడుమ తామర. కానీ కొన్న మొగ్గ దానంతటది విచ్చుకోదు గద. అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చొని, ఒక్కొక్క రెక్కను బొటనవేలితో లోపలికి మడిచి, కింది వరుస నుంచి పైకి విప్పుకుంట పోయింది. ఒక్క రెక్క చిరగలేదు. నేను విప్పిన రెండూ చినిగినయి. చివరికి లోపల పచ్చటి బొడ్డు, దాని చుట్టూ కేసరాలు కనపడ్డయి.

నాకు నచ్చింది. చాలా నచ్చింది. అయితే అత్తమ్మ లేచి పోయి పసుపు ముద్ద చేసుకొని వచ్చింది.

"గౌరమ్మ లేకుంట ఉత్త పూలు పెడ్తరా బిడ్డా?"

వద్దని చెప్పబోయిన. తల లేకపోవుడే కద ఆ శిల్పంల అసలు సంగతి! నేను నోరు తెరిచే లోపలే ఆమె గుమ్మడిపువ్వుల పెట్టినట్టే తామర బొడ్డు మీద గౌరమ్మను నిలిపి కుంకుమ బొట్టు పెట్టింది. చేయి తీసినంక చూసిన. అలంపూర్‌ల ఒళ్లు అమ్మది, తల పువ్వు. మన బతుకమ్మకు ఒళ్లంతా పూలు, తల మీద అమ్మ. చిన్నప్పటి నుంచి ఏటేటా బతుకమ్మను పేరుస్తున్న, ఈ మాట ఇన్నేండ్లల్ల నాకు ఒక్కసారి కూడా తట్టలే.

గౌరమ్మను తీయబుద్ధి కాలేదు.

ఫొటో తీసి బోస్టన్‌కు పంపిన. "చిన్నమ్మా, పైన పచ్చగ ఉన్నది ఏంది?" అని వెంటనే అడిగింది. అక్కడనే పుట్టిన పిల్ల, చూసి ఉండదు. మా అత్తమ్మనే ఫోన్ పట్టుకొని చెప్పుడు మొదలుపెట్టింది. తంగేడు, గునుగు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా అరగంట చెప్పింది.

పొద్దుగూకే వరకు తామర రెక్కల అంచులు నల్లబడ్డయి. అత్తమ్మ గౌరమ్మను తీసి పుస్తెలకు అద్దుకొని, నా చెంపలకు ఇంత పసుపు రాసింది. పూలు తులసి కోట మొదట్ల వేసినం. ముంత మాత్రం ఇసుకతోనే గూట్లె ఉంది.