ముద్ద మందారం సీసాల్లో: మూడో విడత

ముద్ద మందారం కణుపు ముక్కల్ని సీసాల్లో, క్రిములు లేని పోషకాల జెల్లీ (మీడియం) మీద పెంచే టిష్యూ కల్చర్ ప్రయత్నం ఇది. మొదటి విడతలో 12, రెండో విడతలో 14 సీసాలు పెడితే చివరికి నిలిచింది ఒక్కటి. మూడో విడతకి 15 పెట్టాను. ఇవాళ్టికి 41 రోజులు. తొమ్మిది చెత్తబుట్ట పాలయ్యాయి, ఆరు శుభ్రంగా ఉన్నాయి. ఆ ఆరింటిలో నాలుగింట్లో కణుపు మొగ్గ విచ్చి చిగుళ్లు లేచాయి. "కొమ్మ విరిచి గుచ్చితే బతికేదానికి ఈ సీసాలేంట్రా" అని అమ్మ రోజూ అంటూనే ఉంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు.

ఈసారి మార్చినవి రెండే. ఇంతకుముందు పెరట్లో చెట్టు నుంచి నేరుగా కోసేవాణ్ణి, అదీ వానల్లో. ఎంత కడిగినా పదిహేనో రోజుకి కొమ్మ మొదట్లోంచి పాలలాంటి తెట్టు దిగేది. పైన అంటుకున్న బూజైతే నాలుగైదు రోజుల్లోనే దూదిలా కనపడుతుంది. ఇంత ఆలస్యంగా బయటపడేది కొమ్మ లోపలే కాపురమున్న బ్యాక్టీరియా. అందుకని కుండీలో మొక్కని మూడు వారాలు వరండాలో ఉంచి, ఆకుల మీద చుక్క పడకుండా మొదట్లోనే నీళ్లు పోసి, కొత్తగా వచ్చిన లేత కొమ్మలే తీసుకున్నాను.

రెండోది జిగురు. మందారం కోయగానే జిగురు కారుతుంది, కాసేపటికి కోసిన చోటు నల్లబడుతుంది, మీడియం గోధుమరంగుకి తిరుగుతుంది. ఈసారి సిరంజి ఫిల్టర్‌తో వడకట్టిన విటమిన్ సి నీళ్లలో (లీటరుకి 100 మి.గ్రా.) ముక్కల్ని పది నిమిషాలు నానబెట్టి, మూడో రోజున, మళ్లీ పదో రోజున కొత్త సీసాల్లోకి మార్చాను. పని రెట్టింపయింది గానీ నల్లబడి చచ్చినవి రెండే.

మీడియం లీటరుకి: ఎంఎస్ పొడి (మొక్కకి కావలసిన పోషక లవణాల మిశ్రమం) పాకెట్ మీద రాసినంత, పంచదార 30 గ్రా., అగార్ 7 గ్రా., బీఏపీ (చిగుళ్లు రప్పించే హార్మోన్) 1 మి.గ్రా., పీహెచ్ 5.8. ఒక్క మిల్లీగ్రాము తూచే తక్కెడ నా దగ్గర లేదు. 100 మి.గ్రా. బీఏపీ తూచి, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, నీళ్లతో 100 మి.లీ. చేసి ఫ్రిజ్‌లో పెట్టుకున్నా. అందులోంచి 1 మి.లీ. వేస్తే లెక్క సరిపోతుంది. ల్యాబ్ అగార్ బదులు కిరాణా కొట్టు చైనా గ్రాస్ (అదీ అగారే) వాడి చూశాను. గట్టిపడుతుంది, కానీ మబ్బుగా ఉండడంతో తెట్టు వచ్చినా కనపడదు. కుక్కర్ విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నిమిషాలు. ముక్కలకి మాత్రం ఒక వంతు బ్లీచ్, మూడు వంతుల నీళ్లు, ఒక చుక్క డిష్‌వాష్, ఊపుతూ 12 నిమిషాలు, తర్వాత కుక్కర్లో మరిగించి చల్లార్చిన నీళ్లతో మూడు కడుగుళ్లు.

ఒక హెచ్చరిక. ముక్కలు కోసి సీసాల్లో పెట్టే పని గాలి తగలకుండా ఒక పెట్టెలో చేస్తాను. స్పిరిట్ స్ప్రే చేసిన ఆ పెట్టెలో దీపం వెలిగించొద్దు. రెండో విడతలో భగ్గుమని కుడిచేతి వెంట్రుకలు కాలాయి. ఇప్పుడు పెట్టెలో మంటే లేదు. బ్లేడ్లు, పట్టకార్లు ఫాయిల్‌లో చుట్టి సీసాలతోపాటే ఉడికిస్తున్నా.

సరదాగా ఒక సీసాలో ఆకు ముక్క కూడా పెట్టాను, ఎన్ఏఏ అనే ఇంకో హార్మోన్ కాస్త కలిపి. అది కణుపులన్నిటికంటే జోరుగా ఉంది. అంచుల్లో పచ్చటి గరుకు గడ్డ, అంటే కాలస్, ఉబ్బుకొచ్చింది. ఇక దాంట్లోంచే మొక్కలు తీద్దామని చేతులు దురద పెడుతున్నాయి. ఆగడానికి కారణం పువ్వు.

మొన్న ఒక ముద్ద పువ్వుని బ్లేడుతో నిలువునా చీల్చాను. బయట అయిదు రేకులు మామూలే. లోపలికి వెళ్లేకొద్దీ రేకులు చిన్నవై ముడుచుకున్నాయి. ఒకదాని అంచున ఆవగింజలో సగమంత పసుపు పరాగకోశం అతుక్కుని ఉంది. వేలితో తాకితే పుప్పొడి అంటింది. సగం రేక, సగం కేసరం! రేక మందారంలో కేసరాలన్నీ గొట్టంలా కలిసి కీలాన్ని చుట్టుకుంటాయి కదా, ఇక్కడ ఆ గొట్టమే చీలి రేకులయింది.

1991లో కోయెన్, మయరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ఏబీసీ నమూనాతో ఇది చక్కగా అర్థమవుతుంది. ఏ, బీ, సీ అంటే పువ్వులో ఏ భాగం ఎక్కడ రావాలో తేల్చే మూడు తరగతుల జన్యువులు. ఏ ఒక్కటే పనిచేస్తే రక్షకపత్రం, ఏ, బీ కలిస్తే ఆకర్షణపత్రం, బీ, సీ కలిస్తే కేసరం, సీ ఒక్కటే అయితే అండకోశం. ఏ, సీ ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. సీ వెనక్కి తగ్గిన చోటల్లా ఏ చొరబడి కేసరాన్ని రేక చేస్తుంది. ముద్ద గులాబీల్లో జరిగింది ఇదే, సీ హద్దు లోపలికి జరిగింది. అరబిడాప్సిస్‌లో (ప్రయోగశాలల్లో పెంచే ఆవ జాతి చిన్న మొక్క) సీ పూర్తిగా చెడితే పువ్వుకి ఆగడమే తెలియదు, పువ్వులో పువ్వు పుడుతూ పోతుంది.

కాలస్ దారిలో ఇలాంటి జన్యువుల పని తప్పే ప్రమాదం ఉంది, నా భయం అదే. మాది ఏలూరు జిల్లా, చుట్టూ పామాయిల్ తోటలు. మలేసియాలో కాలస్ దారిన పెంచిన పామాయిల్ మొక్కలు ఏపుగా ఎదిగి, తీరా పూత వచ్చాక కొన్ని చెట్లలో కేసరాలు అండకోశాల్లా మారిపోయాయి. కాయ చుట్టూ చేతివేళ్లలాంటి తమ్మెలు, దిగుబడి నాశనం. కారణం 2015లో తేలింది. బీ తరగతికి చెందిన డెఫిసియెన్స్ జన్యువు లోపల కర్మ అనే ట్రాన్స్‌పోజాన్ (చోటు మారగల డీఎన్ఏ ముక్క) ఉంది. దాని మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు (డీఎన్ఏకి అంటుకునే చిన్న రసాయన ముద్రలు) కల్చర్‌లో చెరిగిపోవడంతో జన్యువు పని చెడింది. జన్యు అక్షరాలు మారలేదు, గుర్తులే పోయాయి. గుర్తులున్నదానికి మంచి కర్మ, పోయినదానికి చెడు కర్మ అని పేర్లు పెట్టారు పరిశోధకులు.

సీసాలో ఉన్నన్నాళ్లూ ఆ తేడా కంటికి ఆనదు, పూసేదాకా ఆగాల్సిందే. అందుకే ముద్ద మందారాన్ని ముద్దగానే ఉంచాలంటే కణుపు మొగ్గే నయం. అక్కడ చిగురు ముందే తయారై ఉంటుంది, మనం నిద్ర లేపడమే. గడ్డని మాత్రం పారేయను. దాంట్లో చిగురు వస్తే వేరే కుండీ, ఎర్ర చీటీ. పూసిన మొదటి పువ్వుని బ్లేడుతో కోసి కేసరాలు లెక్కపెడతాను.

కణుపు చిగుళ్లు ఇప్పుడు రెండు సెంటీమీటర్లున్నాయి. ఆదివారం వేళ్లు రప్పించే మీడియంలోకి: ఎంఎస్ సగం, ఐబీఏ (వేళ్లు రప్పించే హార్మోన్) 1 మి.గ్రా., బీఏపీ లేదు. కుక్కర్ పదకొండు తర్వాతే ఇస్తానంది అమ్మ.