నాలుగు వేళ్ల చోటు

పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో నా బల్లకెదురుగా గోడకు ఒక అట్టముక్క అంటించి ఉండేది. దాని మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న శ్లోకం:

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్ |
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ||

సుందరకాండ 12వ సర్గలోది. నిర్వేదం లేకపోవడమే సంపదకు మూలం, అదే పరమసుఖం, ఏ పనిలోనైనా మనిషిని నడిపించేది అదే అని అర్థం. అమ్మ పారాయణ పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నాను. దాని ముందేముందో, వెనకేముందో చూడలేదు. ఆ ఏడు పరీక్ష పోయింది. అట్టముక్క చింపి చెత్తబుట్టలో పడేశాను.

చాలా ఏళ్ల తర్వాత అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పుస్తకం చూడలేదు కదా, పారాయణ ఆగకూడదని నన్ను చదవమంది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని వినేది. నా శ్లోకం అసలు ఎక్కడ ఉందో అప్పుడు తెలిసింది.

హనుమంతుడి గెలుపు అనగానే మనకు గుర్తొచ్చేది నూరు యోజనాల సముద్రం. క్యాలెండర్ బొమ్మలన్నీ ఆ దూకుడువే. దారిలో సింహిక అనే రాక్షసిని చంపాక ఆకాశంలో తిరిగే ప్రాణులు ఆయన్ని మెచ్చుకుంటాయి: ధృతి (ధైర్యం), దృష్టి (చూపు), మతి (బుద్ధి), దాక్ష్యం (నేర్పు), ఈ నాలుగూ నీలాగా ఎవరికి ఉంటాయో వాడు పనిలో కుంగిపోడు అని. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఈ నాలుగు మాటలు తెగ వినిపిస్తాయి. మంచి మాటలే. కానీ ఆ మెచ్చుకోలు మొదటి సర్గలోది. దూకడం ఆ సర్గతోనే అయిపోతుంది. అక్కణ్ణుంచి 15వ సర్గ దాకా ఆయన చేసేది ఒకటే పని, వెతకడం. రాత్రిపూట, పిల్లి అంత రూపంలో, ఇల్లిల్లూ, గదిగదీ.

అందులో నాకు బాగా ఇష్టమైన చోటు 10వ సర్గ చివర. నిద్రపోతున్న మండోదరిని చూసి సీతే అనుకుంటాడు. సంబరం పట్టలేక భుజాలు చరుచుకుంటాడు, తోకను ముద్దు పెట్టుకుంటాడు, స్తంభాలెక్కి కిందికి దూకుతాడు. కోతి బుద్ధి బయటపెట్టాడని వాల్మీకే అంటాడు. మరుక్షణం ఆగి ఆలోచిస్తాడు. రాముడికి దూరమైన సీత ఇలా నగలు పెట్టుకుని హాయిగా పడుకుంటుందా? ఈమె వేరెవరో. అంత సంబరపడ్డవాడు ఎవరూ చెప్పకుండానే దాన్ని వదులుకుని మళ్లీ వెతుకులాటకు బయల్దేరాడు. సముద్రం దాటడం కంటే ఇదే కష్టమని నాకనిపిస్తుంది. దొరికిందనుకున్నది దొరకలేదని ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

ఇక 12వ సర్గ. సీత కనబడలేదు. ఇక్కడ ఆయనకొచ్చే ఒక బెంగ మనందరికీ తెలిసిందే. ఒడ్డున వానరులు చుట్టూ చేరి, వీరుడా, అక్కడికెళ్లి ఏం చేశావో చెప్పు అంటే ఏం చెప్పాలి? ముసలి జాంబవంతుడేమంటాడు, అంగదుడేమంటాడు? మన భాషలో, నలుగురూ ఏమంటారు. నేను అట్టముక్క మీద రాసుకున్న శ్లోకం సరిగ్గా ఈ బెంగ వెంటనే వస్తుంది. తనకు తాను చెప్పుకునే మాట అది.

అనిర్వేదాన్ని ఉత్సాహం అని అనువదిస్తుంటారు. నాకది పూర్తిగా రుచించదు. ఉత్సాహం పొంగే పాలలాంటిది, మంట తగ్గితే దిగిపోతుంది. నిర్వేదమంటే ‘ఇంక ఇంతేలే’ అని చేతులు వేలాడేసుకోవడం. అది లేకపోతే చాలు, పొంగు అక్కర్లేదు అంటున్నాడాయన.

అనుకుని మళ్లీ వెతికాడు. రావణుడి అంతఃపురంలో హనుమ వెళ్లని చోటు నాలుగు వేళ్లంత కూడా మిగల్లేదు, చతురంగులమాత్రోఽపి, అంటాడు కవి. సీత కనబడిందా? లేదు.

అమ్మకు చదివి వినిపిస్తూ నేను ఆగిపోయింది ఇక్కడే. అంత గొప్ప శ్లోకం చెప్పుకున్నాక కూడా పని కాలేదు! నా అట్టముక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

13వ సర్గ అంతా చీకటి. డెబ్భై దాకా శ్లోకాలు. అయితే బెంగ మారింది. ఎవరేమంటారన్న మాట ఇప్పుడు పెద్దది కాదు. సీత కనబడలేదని తెలిస్తే రాముడు బతకడు. ఆయన పోతే లక్ష్మణుడు, తర్వాత భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు... ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటాడు. నేను తిరిగి వెళ్లను, వానప్రస్థుణ్ణవుతాను, లేదా చితిలో దూకుతాను అంటాడు. చివరికి చావులో దోషాలే ఎక్కువ, బతికుంటే మంచి చూడొచ్చు అని తేల్చుకుంటాడు. బతికుంటే బలుసాకు తినొచ్చని మనవాళ్లు అన్నదీ అదే. పన్నెండులో తన పరువు, పదమూడులో తనకోసం ఎదురుచూసేవాళ్ల ప్రాణాలు. సర్గ ఒక్కటే తేడా, మనిషి ఎంత మారాడో!

అప్పుడు కంటబడింది, పెద్దపెద్ద చెట్లున్న అశోకవనం. న హీయం విచితా మయా. దీన్ని నేను వెతకలేదు. నాలుగు వేళ్ల చోటు లేదన్నది అంతఃపురం గురించే మరి, గోడ అవతలి మాట కాదు. రాముడికి, లక్ష్మణుడికి, సీతకు, రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకు దండాలు పెట్టుకుని ఆ గోడ వైపు చూశాడు.

నాకు గొంతు బొంగురుపోయింది. వంటింట్లో కుక్కరు మూడో కూత వేసింది. మిగతాది సాయంత్రం చదువుతానమ్మా అని పుస్తకంలో తులసి రెమ్మ పెట్టబోయాను.

“అక్కడ ఆపకూడదురా. ఆయన్ని ఏడుపులో వదిలేసి మనం లేచి అన్నం తింటామా?” అంది అమ్మ.

కుక్కరు కట్టేసి వచ్చి, శింశుపా వృక్షం కింద సీతమ్మ కనబడేదాకా చదివాను.