పూజ తర్వాత ఫారం 8

బెంగళూరులో కతోలిక చర్చిలో జరిగే తెలుగు పూజకు వచ్చే ఎంతోమంది ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. పోలింగ్ రోజుకు బస్సు టికెట్ దొరక్కపోతే అంతే సంగతులు. నాకు ఇది బాధ కలిగించే విషయం. పన్ను కట్టడం, ఓటు వేయడం, దేశాన్ని కాపాడటం మూడూ నైతిక విధులేనని కతోలిక శ్రీసభ బోధనల గ్రంథం ‘సత్యోపదేశం’ 2240వ పేరా చెబుతుంది.

ఇల్లు మారినవాళ్లు ఓటును కొత్త అడ్రసుకు మార్చుకోవడానికి నింపాల్సింది ఫారం 8. చాలామంది ఫారం 6 నింపేస్తారు, అది కొత్త ఓటర్లకు. దాంతో పేరు రెండుచోట్ల ఎక్కుతుంది, చట్టం ఒప్పుకోదు. అసలు చిక్కు చిరునామా రుజువు దగ్గర. మనం రాసుకునే 11 నెలల అద్దె అగ్రిమెంటు సాధారణంగా రిజిస్టర్ అయి ఉండదు, అడిగేదేమో రిజిస్టరైనది. ఇంటి ఓనర్ని బతిమాలే బదులు ఆధార్‌లోనో బ్యాంకు పాస్‌బుక్‌లోనో అడ్రసు మార్పించుకోండి. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు జాబితాలో పేరు చేరదు.

విచారణలో, అంటే మన చర్చి పరిధిలో, పూజయ్యాక ఒక బల్ల, ఫారాలు, నింపడం తెలిసిన ఇద్దరు యువకులు చాలు. ఫలానావారికే వేయమని మాత్రం అక్కడ ఎవరూ అనకూడదు. అభ్యర్థి గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ మతం పేరుతో ఓటడిగితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. ప్రభుత్వాధికారం ఉండే పదవులు గురువులు (ఫాదర్లు) చేపట్టకూడదని శ్రీసభ చట్టంలోని 285వ కానన్ నిషేధించింది. ఆ కుర్చీల్లో కూర్చోవాల్సింది గృహస్థ విశ్వాసులే.